తాళం వేయడం నేర్పిన నస్రీన్ మేడం

నస్రీన్ మేడం ఇక లేరు. ఈ వాక్యం రాసి కొట్టేశాను, మళ్లీ రాశాను. పొద్దున్నే ల్యాబులో పిల్లల చేత కంప్యూటర్లు ఆన్ చేయిస్తుండగా ఆమె చెల్లెలు ఫోన్ చేసింది. "ఆపా పోయింది భయ్యా. నమాజు చేసి కుర్చీల కూసున్నది. చాయ్ తెచ్చేసరికి లేదు" అని చెప్పి పెట్టేసింది. అది నాకు అశనిపాతమే. ముందురోజు సాయంత్రమే నాతో పోట్లాడిన మనిషి. ల్యాబులో కొత్తగా వేసిన తీగలను చూసి, వీటిని చుట్టినవాడికి జడ వేయడం కూడా రాదని తిట్టి, తానే నవ్వి, షేర్ ఆటో ఎక్కి వెళ్లిన మనిషి. అంతటి మనిషి చాయ్ కాగేంత సేపట్లో లేకుండా పోవడమేమిటి? నా మనసు ఇప్పటికీ మొరాయిస్తూనే ఉంది.

ఆ సాయంత్రం గోదావరిఖనిలో ఆమె జనాజా లేచింది. మొదటి షిఫ్టు ముగించుకుని స్నానం కూడా చేయకుండా నేరుగా వచ్చిన బొగ్గుగని కార్మికులు, ఒంటి నిండా మసి ఉందని సంకోచించి దూరంగా నిలబడ్డారు. మస్జిద్ పెద్దాయన ఒకాయన వాళ్లను చూసి, "అక్కడెందుకు నిలబడ్డరు? ఆమె గీ మసిల పుట్టిన బిడ్డనే. రాండ్రి, భుజం పట్టుండ్రి" అని పిలిచాడు. వాళ్లు వచ్చి పట్టారు. నేనూ పట్టాను. ఎంత తేలికగా ఉన్నారో ఆమె! జీవితమంతా అంత బరువు మోసిన మనిషి అంత తేలికగా ఉండడం నాకు కోపం తెప్పించింది. ఎవరి మీద కోపమో నాకే తెలియదు.

ఈ ఊరి బయటివాళ్లకు ఆమె పేరు తెలిసి ఉండదు. మా పాలిటెక్నిక్‌లో ఆమె కంప్యూటర్ నెట్‌వర్క్స్ చెప్పేవారు. మనం ఫోనులో ఒక సైటు తెరిచినప్పుడు ఆ ఫోనులోని బ్రౌజరు ఎక్కడో దూరాన ఉన్న సర్వరుతో ఎలా మాట్లాడుతుంది, ఆ మాటలు దారిలో ఎవరూ వినకుండా ఎలా కాపాడతారు, ఇదే ఆమె జీవితకాలపు పాఠం. నేను మొదట ఆమె శిష్యుణ్ని, తర్వాత ఆమె పక్క గదిలో పాఠం చెప్పే సహోద్యోగిని. సహోద్యోగి అన్నది కాగితం మీది మాట. ఆమె ఎదుట నేను చివరిదాకా ఆఖరి బెంచీ విద్యార్థినే.

మనిషి పొట్టి. కళ్లద్దాలు ఎప్పుడూ ముక్కు కొసకు జారి ఉండేవి. హ్యాండుబ్యాగులో పర్సు మరిచిపోయేవారు గానీ చాక్‌పీసులు మరిచిన రోజు లేదు. తప్పు చెప్పిన విద్యార్థిని ఏమీ అనేవారు కాదు, తెలియకుండా తలూపినవాణ్ని మాత్రం వదిలేవారు కాదు. "అరే బేటా, తల ఎందుకు ఊపినవ్? మెడ నొస్తుందా? దవాఖానకు పంపాల్నా?" అని అడిగితే క్లాసంతా గొల్లుమనేది. ఆ తలూపినవాడు నేనే అయిన రోజులు కొల్లలు. నవ్వించి సిగ్గుపడేలా చేయడం, ఆ సిగ్గు ఆరకముందే విషయం తలకెక్కించడం ఆమె విద్య.

ఆమె తండ్రి గనిలో సర్దార్‌గా చేసి రిటైరయ్యారు. షిఫ్టు మొదలయ్యే ముందు అందరికన్నా ముందు పని స్థలానికి వెళ్లి, పైకప్పును కర్రతో తట్టి, ఆ చప్పుడు చెవిపెట్టి విని, పదిలమని తేలితే అక్కడ చాక్‌పీసుతో ఆనాటి తేదీ, తన పేరు పొడి అక్షరాలు రాసే ఉద్యోగమది. ఆ రాత ఉంటేనే మనుషులు లోపల పనికి దిగుతారు. నిన్నటి తేదీ ఉంటే దిగరు. ఆ ఇంట్లో పెరిగిన బిడ్డకు కంప్యూటర్ల భద్రత పుస్తకంలోంచి రాలేదు, అన్నం పళ్లెం దగ్గర తండ్రి చెప్పిన కబుర్లలోంచి వచ్చింది.

ఆమె తొలి పాఠం నాకు నిన్న విన్నట్టే ఉంది. ఇనుప డబ్బా ఒకటి, నొక్కితే పడిపోయే తాళం ఒకటి తెచ్చారు. ఒకణ్ని గది ఈ కొసన నిలబెట్టి బ్రౌజరన్నారు, ఇంకొకణ్ని ఆ కొసన నిలబెట్టి సర్వరన్నారు. మధ్యలో ఉన్న మేమంతా దారి. మొదట బ్రౌజరు ఒక చీటీ రాసి మా చేతుల మీదుగా పంపాడు. మేం ఊరుకుంటామా? అందరం చదివాం. వాడు ఎదురింటి అమ్మాయి సంగతేదో సరదాకు రాశాడు. అది అటు కొసకు చేరేలోపే వాడి పరువు పోయింది. మేడం నవ్వి, "చూసిండ్రా? తాళం లేని సైటుల మీరు ఏది రాసినా గిట్లనే పోతది. అడ్రసు చేరుతది, కని దారిలున్నోళ్లందరు చదువుకుంటరు" అన్నారు. తర్వాత సర్వరు చేత తెరిచి ఉన్న తాళాన్ని బ్రౌజరుకు పంపించారు, తాళంచెవి మాత్రం సర్వరు జేబులోనే. బ్రౌజరు చీటీని డబ్బాలో పెట్టి తాళం నొక్కి పంపాడు. ఈసారి మేం డబ్బాను ఊపి చూశాం, చెవి దగ్గర పెట్టుకుని విన్నాం. ఏమీ తెలియలేదు. మా అందరి చేతుల్లోంచే వెళ్లింది, మాకెవరికీ అందలేదు.

అంతటితో అయిపోయిందనుకున్నాం. మళ్లీ చేయమన్నారు. ఈసారి తాళం దారిలో ఉండగా మేడం చల్లగా దాన్ని తన కొంగులో దాచి, తన బ్యాగులోని వేరే తాళాన్ని ముందుకు పంపారు. బ్రౌజరు అమాయకంగా ఆ తాళమే నొక్కాడు. మేడం దారిలోనే డబ్బాను ఆపి, తన తాళంచెవితో తెరిచి, చీటీ తీసి గట్టిగా చదివేశారు. "మరి ఆ తాళం సర్వరుదేనని నీకెట్ల తెల్సు బేటా? నువ్వు ఎవల్ని అడిగినవ్?" అన్నారు. అప్పుడు ఆమె బల్ల మీద చాక్‌పీసుతో ఒక తేదీ, రెండు పొడి అక్షరాలు రాసి, తన తండ్రి సంగతి చెప్పారు. సర్వరు తన తాళంతో పాటు ఒక ధ్రువపత్రం చూపాలి, దాని మీద నలుగురూ నమ్మే పెద్దమనిషి సంతకం ఉండాలి. అటువంటి పెద్దమనుషుల పేర్లు బ్రౌజరు ముందే తన కడుపులో దాచుకుని ఉంటుంది. సంతకం సరిపోతే, పేరు సరిపోతే, గడువు దాటకపోతే లోపలికి. ఏది తేడా వచ్చినా తెర మీద ఎర్రగా హెచ్చరిక. "ఇప్పుడు పద్ధతి మారింది. తాళం పంపుడు లేదు, ఇద్దరు కలిసి అక్కడికక్కడ్నే తాళంచెవి తయారు చేస్కుంటరు. కని నువ్వు మాట్లాడేది ఎవలతోనో తెల్వాలె గదా, ఆ సంగతి మారలే" అన్నారు.

ఇంత తెలిసిన మనిషి, తాళం వేయవలసిన చోట తాళం వేయకపోవడం ఆమె జీవితంలోని విషాదం. అది దాచితే ఈ వ్యాసానికి అర్థం లేదు. ఆమే ఎన్నడూ దాచలేదు.

ఆమె తండ్రికి ఒకసారి గనిలో పైకప్పు కూలి కాలు నుజ్జయింది. రక్తం కావాలంటే ఆ షిఫ్టువాళ్లు తడి బూట్లతోనే దవాఖానకు వచ్చి వరసలో నిలబడ్డారట. ఆ దృశ్యం ఆమె కంట్లో నిలిచిపోయింది. ఉద్యోగంలో కుదురుకున్నాక, ఈ ప్రాంతంలో రక్తం ఇచ్చేవాళ్ల కోసం కాలేజీ సర్వరు మీద ఒక సైటు తయారు చేశారు. పేరు, రక్తం గ్రూపు, ఫోన్ నంబరు, ఏమైనా జబ్బులుంటే అవి రాయాలి. అవసరం పడినప్పుడు కబురు వెళుతుంది. ఇచ్చేవాడు తెరిచి "వస్తా" అని నొక్కుతాడు. గోదావరిఖని నుంచి శ్రీరాంపూర్ దాకా ఎంతమంది బాలింతలు, ఎంతమంది దెబ్బ తగిలిన కార్మికులు దాని వల్ల బతికి బయటపడ్డారో ఆమె ఎప్పుడూ లెక్క పెట్టుకోలేదు.

ఆ సైటుకు మొదట్లో తాళం లేదు. రాసింది రాసినట్టు తీగల మీద పోయేది. ఎందుకు వేయలేదంటే, గని కాలనీ పిల్ల కాబట్టి. క్వార్టర్లలో పెరిగినవాళ్లకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది. ఇంట్లో ఒకరు మొదటి షిఫ్టు, ఒకరు రెండో షిఫ్టు, పక్కింటాయన మూడో షిఫ్టు. ఎప్పుడూ ఎవరో ఒకరు వచ్చేవాళ్లుంటారు. తలుపు దగ్గరగా వేసి పడుకోవడమే తప్ప గడియ పెట్టే అలవాటు ఆ ఇళ్లలో లేదు. గడియ పెడితే పక్కింటివాళ్లు నొచ్చుకునేవారు. ఇంటర్నెట్ వచ్చినా అదే తీరు. ఒక ఇంట్లో కనెక్షన్ తీసుకుంటే వరసంతా వాడుకునేది, వైఫై పాస్‌వర్డు వరండా గోడ మీద బొగ్గుతో రాసి ఉండేది. "తాళం పెట్టాల్నా మేడం?" అని అప్పట్లో నేను అడిగితే, "పెడదాం తియ్. మనోళ్లే గదా" అన్నారు.

సంపత్ అనే యువకుడు ఆ సైటులో పేరు రాశాడు. తండ్రి స్థానంలో కొత్తగా గనిలో ఉద్యోగం వచ్చినవాడు. జబ్బుల దగ్గర నిజాయతీగా ఇలా రాశాడు: "చిన్నప్పుడు టీబీ వచ్చింది. మందులు పూర్తిగా వాడిన. నేను రక్తం ఇవ్వచ్చా?" అదే వరసలో, అదే వైఫై మీద, చదువు ముగించి ఉద్యోగం దొరకని ఒకడు పొద్దుపోక ఎవరెవరు ఏమేం రాస్తున్నారో దారిలోనే పట్టి చదివే పని పెట్టుకున్నాడు. వాడి కంట సంపత్ మాట పడింది. వాడి నోట్లోంచి అది కాలనీలో పడింది. ఎన్నడో నయమైపోయిన జబ్బు మళ్లీ మనిషిని పట్టుకుంది.

గనిలో అన్నం తినే వేళ ఒక ఆచారముంది. నలుగురైదుగురు కలిసి కూర్చుని టిఫిన్లు విప్పి కూరలన్నీ నడుమ పెట్టుకుంటారు. ఎవరి కూర ఎవరు తిన్నారో ఎవరికీ పట్టదు. ఆ వార్త పొక్కిన తర్వాత సంపత్ వచ్చి కూర్చుంటే ఒకడికి ఆకలి లేదు, ఒకడు అప్పుడే తిన్నాడు, ఒకడికి పని గుర్తొచ్చింది. ఒంటరిగా తినడం మొదలుపెట్టాడు సంపత్.

విషయం తెలిసిన రోజు మేడం నన్ను వెంటబెట్టుకుని గని బయటి క్యాంటీనుకు వెళ్లారు. సంపత్ మూల బల్ల దగ్గర టిఫిన్ విప్పుకుని ఉన్నాడు. ఆమె ఎదురుగా కూర్చుని, "నాకింత పెట్టు బేటా, ఆకలైతుంది" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు చూడాలని అన్నారు, అది వాడికీ తెలుసు. వాడు మూత పెట్టేశాడు. "మీరు తిన్నంత మాత్రాన నా గిన్నె మల్ల వాళ్ల నడుమ చేరదు మేడం. నేను మీ ఒక్కరికే చెప్పుకున్న" అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "నా పేరు తీసెయ్యిండ్రి" అని లేచి వెళ్లిపోయాడు. ఆమె ఆ బల్ల ముందు ఎంతసేపు కూర్చున్నారో. నేను చాయ్ తెచ్చి పెడితే చల్లారిపోయింది.

ఆ వారంలోనే సైటుకు తాళం పడింది. అది ఆమెకు పెద్ద పని కాదు. పెద్ద పని కాకపోవడమే ఆమెను ఎక్కువ దహించింది. కాలనీ కమ్యూనిటీ హాలులో అందరినీ కూర్చోబెట్టి మైకు పట్టుకున్నారు. చదివినవాణ్ని తిడతారనుకుని వచ్చిన జనం ఎదుట, "దొంగతనంగ చదివినోనిది తప్పే. కని తాళం వెయ్యాల్సింది నేను. నాకు తెల్సు, తెల్సి వెయ్యలే. మనోళ్లే గదా అనుకున్న. మనోళ్ల ముచ్చటకే ఎక్కువ తాళం కావాలె" అన్నారు. చదువుకున్నవాళ్లు తమ తప్పును నలుగురిలో ఒప్పుకోగా నేను చూసింది చాలా తక్కువ. హాలులో సంపత్ లేడు.

అప్పటి నుంచి ఆమెది ఒకటే తపన. సంపత్ తిరిగి వచ్చి ఆ సైటులో తన పేరు రాయాలి. ఎవరి దగ్గరా దాచుకోని కోరిక అది. డాక్టరును అడిగి, పూర్తిగా నయమై ఏళ్లు గడిచినవాళ్లు పరీక్ష చేయించుకుని రక్తం ఇవ్వచ్చని తెలుసుకుని పెట్టుకున్నారు. అతను అడిగిన ప్రశ్నకు జవాబు ఆమె దగ్గర సిద్ధంగా ఉంది, వినేవాడు లేడు. సంపత్ తల్లి లచ్చవ్వ మాత్రం ఆమెను ఏనాడూ దూరం పెట్టలేదు. కలిసినప్పుడల్లా మేడం అడిగేవారు, "సంపత్ ఎట్లున్నడు అవ్వా?" అని. "బాగనే ఉన్నడు బిడ్డా. నీ పేరెత్తితే లేసి బయటికి పోతడు. ఇగ నీ మాట యాడ చెప్పాలె?" అనేది లచ్చవ్వ. మేడం సరేనని తలూపేవారు. తెలియకుండా తలూపితే ఊరుకోని మనిషి, అన్నీ తెలిసి తలూపేవారు.

ఆ గాయంలోంచే ఆమె ఊరిపాఠాలు పుట్టాయి. సెలవు రోజుల్లో కాలనీ హాలులో ఆడవాళ్లను, రిటైరైనవాళ్లను పోగుచేసి ఫోను వాడకం నేర్పేవారు. తెర మీద ఎర్ర హెచ్చరిక పెద్దగా చూపించి, "గిట్ల వస్తే ఏం చెయ్యాలె?" అని అడిగితే, లచ్చవ్వ వెనక నుంచి, "ఫోన్ మూసి బియ్యం ఏరుకోవాలె" అంది. హాలంతా నవ్వు. "అవ్వా, నువ్వు పాసైనవ్. మా స్టాఫుల సగం మంది గిది పాస్ కారు" అన్నారు మేడం, నా వైపు చూస్తూ. ఇంకొకాయన లేచి, తాళం బొమ్మ కనిపిస్తే ఇక ఫికర్ లేదు కదా అన్నాడు. "తాళం ఉంటే దారి పదిలం కాకా. ఇల్లు మంచిదని కాదు. దొంగ సుత తన ఇంటికి తాళం వేస్కుంటడు. పేరు చూడాలె, నువ్వు పోదామనుకున్న ఇల్లు గదేనా అని చూడాలె" అన్నారు. హెచ్చరిక వస్తే ఎవరు చెప్పినా ముందుకు వెళ్లవద్దనీ, బ్యాంకువాళ్లు చెప్పినా, కాలేజీవాళ్లు చెప్పినా, తానే ఫోన్ చేసి చెప్పినా వెళ్లవద్దనీ వాళ్ల చేత మూడేసి సార్లు అనిపించేవారు.

ఆమెలో మొండితనమూ ఉంది, అది చెప్పకపోతే ఈ చిత్రం అసంపూర్ణం. సైటు ధ్రువపత్రానికి గడువుంటుంది, గడువు తీరేలోగా కొత్తది తెచ్చి పెట్టాలి. ఈ రోజుల్లో అది దానంతటదే జరిగేలా చిన్న ప్రోగ్రాము పెట్టుకోవచ్చు. లోకమంతా అదే చేస్తోంది. నేను ఎన్నిసార్లు చెప్పానో. "మా నాయిన బదులు కర్రను బొగ్గుబాయిల నిలబెడితే అది పైకప్పు చూస్తదా?" అనేవారు. విద్యార్థులను చుట్టూ నిలబెట్టుకుని ప్రతిసారీ తన చేత్తో మార్చేవారు. యంత్రానికి అప్పగిస్తే పిల్లలు గడువు ఎందుకుంటుందో మరిచిపోతారని ఆమె భయం. మీరు ఊళ్లో లేకపోతే ఎలా అని నేను విసుక్కుంటే, "నేనేడికి పోత?" అనేవారు. మార్చడం అయ్యాక, పిల్లలు వెళ్లిపోయాక, కొత్తగా చేరినవాళ్ల పేర్లు పైనుంచి కిందికి ఒకసారి చూసుకునేవారు. ఎవరి కోసమో నాకు తెలుసు. కళ్లద్దాలు తుడుచుకుని తెర మూసేవారు.

ఆమె పోయిన కొద్ది రోజులకు గడువు తీరింది. దుఃఖంలో మేమెవరం అది చూసుకోలేదు. దవాఖాన నుంచి కబురు వచ్చింది, రామకృష్ణాపూర్ నుంచి తెచ్చిన ఒక బాలింతకు రక్తం కావాలని, అరుదుగా దొరికే గ్రూపని. సైటు నుంచి పేరు రాసినవాళ్లకూ, ఊరిపాఠాలకు వచ్చేవాళ్లకూ అందరికీ సందేశం వెళ్లింది. ఒక్కరూ "వస్తా" అని నొక్కలేదు. తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. "సార్, మేడం సైటు ఎర్రగ వస్తుంది. మేం లోపలికి పోం." ఒకరి తర్వాత ఒకరు అదే మాట. ఆమె ఎంత బాగా నేర్పారో ఆ ఒక్క రోజులో తెలిసింది, నాకు ఏడుపు ఆగలేదు. పేర్ల జాబితా తీయాలన్నా మేమూ ఆ ఎర్ర తెర దాటే వెళ్లాలి కాబట్టి, మా విద్యార్థులు ఆ ఫోన్లు చేసినవాళ్లనే గ్రూపు అడిగి, సరిపోయిన ఒకాయనను దవాఖానకు పంపారు. ఆ రక్తం ఎక్కేలోపు ఇంకొకరు కావాలన్నారు డాక్టర్లు. అప్పుడు ఒక విద్యార్థి, "సార్, హెచ్చరికను పట్టించుకోకుండా ముందుకు నొక్కమని అందరికీ మెసేజ్ పెడదాం. మన సైటే కదా" అన్నాడు. తల్లి ప్రాణం అక్కడ ఊగుతోంది. సరే అనే మాట నా నోటిదాకా వచ్చింది.

"గట్ల చెప్పకుండ్రి అన్నా." గుమ్మంలో సంపత్ నిలబడి ఉన్నాడు. షిఫ్టు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, కనురెప్పల మీద ఇంకా మసి ఉంది. నడివయసు మీదపడుతోంది. "అవ్వ ఫోన్ల సందేశం వచ్చింది. గా గ్రూపు నాదే" అన్నాడు. "ఆమె పోయి ఇంకా మట్టి ఆరలే. అప్పుడే ఆమె మాట తీసేస్తరా? మంచిగ చెయ్యిండ్రి. అందాక నేను నిలబడుత."

నేను కూర్చుని, ఆమె చేసినట్టే, పిల్లలను చుట్టూ నిలబెట్టుకుని, కొత్త ధ్రువపత్రం తెచ్చి పెట్టాను. ఒక మాట తప్పు కొట్టి మళ్లీ మొదలుపెట్టాను. సంపత్ వెనక నిలబడి చూస్తున్నాడు. అయిందన్నాక తన ఫోను తీసి సైటు తెరిచాడు. హెచ్చరిక రాలేదు. తర్వాత బొటనవేలితో నెమ్మదిగా ఏదో కొట్టడం మొదలుపెట్టాడు. నా తెర మీద కొత్త పేరు వచ్చింది. పేరు, గ్రూపు, ఫోన్ నంబరు. జబ్బుల దగ్గర, చిన్నప్పుడు టీబీ వచ్చింది, మందులు పూర్తిగా వాడిన, నేను రక్తం ఇవ్వచ్చా అని.

"ఇవ్వచ్చు సంపత్" అన్నాను. "మేడం ఎప్పుడో డాక్టర్‌ను అడిగి పెట్టుకున్నరు. నీకు చెప్దామని ఎన్నేండ్లు చూసిన్రో."

అతను గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. "నాకు కోపం ఎప్పుడో పోయింది అన్నా. అవ్వ ముంగట ముఖం చెల్లక లేసి పోయేటోన్ని. మొన్న రంజాన్‌కు ఇంటికి పోయి సలాం చెప్దామనుకున్న. షిఫ్టు మారింది. మల్ల పోదాం తియ్, మేడం యాడికి పోతదనుకున్న" అన్నాడు. మసి మీద కన్నీళ్లు చారలు కట్టాయి.

దవాఖానలో డాక్టరు పరీక్షించి సరేనన్నాక సంపత్ రక్తం ఇచ్చాడు. తల్లీబిడ్డా కులాసాగా ఉన్నారు. ఆ తల్లికి నస్రీన్ మేడం ఎవరో తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. ఈ బొగ్గు నేల మీద మనుషుల మాటకు మర్యాద ఉండాలనీ, ఒకరు ఒకరికే చెప్పుకున్నది ఆ ఒక్కరి దగ్గరే ఉండాలనీ పట్టుబట్టిన మనీషి ఆమె. పాఠాలు చెప్పేవాళ్లు ఇంకా వస్తారు. తాను చేసిన తప్పును పాఠంగా చెప్పి, ఆ పాఠానికి తానే కట్టుబడి, ఒక మనిషి నమ్మకం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే గురువు మాకు మళ్లీ దొరకరు. ఆ లోటు పూడ్చుకోగలమని నేను నాకే అబద్ధం చెప్పుకోలేను.

ఆ సాయంత్రం దవాఖాన నుంచి వస్తూ అలవాటుగా ఫోను తీసి ఆమె నంబరు నొక్కబోయాను. ఇలాంటి కబురు ఉంటే ముందు ఆమెకే చెప్పడం నాకు ఇన్నేళ్ల అలవాటు. చెప్పుకోవడానికి ఆమె లేరు కాబట్టి ఇక్కడ, మీ అందరి ముందు, ఆమెకు చెబుతున్నాను.

మేడం, సంపత్ వచ్చిండు.